ద్వివచనం

పగలంతా పరాయి నోళ్ల కోసం పళ్లు చేస్తాను.
మారిబోర్‌లో, ద్రావా నదికి ఇవతలి గట్టున,
కిటికీ లేని గదిలో
పింగాణీ పొడి, మైనం, సన్నటి ఆకురాయి.
ఎవరి దవడో తెలియదు.
రేపు వాళ్లు ఆపిల్ కొరకగలగాలి, అంతే.

సాయంత్రం ఆరు దాటాక మాత్రం
ఎవరికీ పనికిరాని పనుల్లో పడతాను.

మొదటిది, రబ్బరు మీటల పాత కంప్యూటరు.
దానికి తోడు నలభై ఏళ్ల టేప్‌రికార్డరు.
ఆట ఎక్కాలంటే ఐదు నిమిషాలు
క్యాసెట్ కీచుమని అరవాలి,
తెర అంచున నీలం పసుపు చారలు వణకాలి.
నాలుగో నిమిషంలో ఆగిందా, మళ్లీ మొదటికి.
పుల్లకు చుట్టిన దూది స్పిరిట్‌లో ముంచి
రికార్డరు తల తుడుస్తాను.
నిజం చెప్పాలంటే
ఆటకన్నా ఈ తుడవడమే నాకిష్టం.

చిన్నప్పుడు ఆటలు మాకు రేడియోలో వచ్చేవి.
నవ్వకండి, నిజమే.
"సిద్ధంగా ఉన్నారా" అనేవాడు అనౌన్సరు,
ఆ వెంటనే తోక తొక్కిన పిల్లిలా ఒకటే కూత.
అన్నయ్య స్రెచ్కో రికార్డు మీట నొక్కేవాడు,
నేను వంటగది గుమ్మానికి అడ్డం నిలబడేదాన్ని
అమ్మ మిక్సీ వేయకుండా.
అది ఒక్క చుట్టు తిరిగిందా
మా అంతరిక్ష నౌక ఆ వారానికి గాల్లో కలిసినట్టే.

రెండోది ప్రాచీన గ్రీకు.
యాభై దాటాక పట్టుకున్న జబ్బు ఇది.
పై అంతస్తు ఒతీలియా గారు, రిటైరైన కెమిస్టు,
మంగళవారాలు నేర్పుతారు.
ఫీజు కింద నేను ఆవిడ కట్టుడు పళ్లు సరిచేస్తాను.
పళ్లు బిగిస్తే గానీ ఆవిడకు ఒత్తులు పలకవు,
ఒత్తులు పలక్కపోతే నాకు పాఠం లేదు.
రాత్రికి మూడు పంక్తులు.
ఈ లెక్కన పుస్తకం ముగిసేసరికి నాకు తొంభై ఒకటి.
ఓడ ఇంకా రేవు దాటలేదు,
తెడ్డు అన్న మాటకే నిఘంటువు నాలుగుసార్లు తిరగేశాను.

మొన్న ద్వివచనం వచ్చింది.
ఒకటి కాదు, అనేకం కాదు, సరిగ్గా రెండు.
రెండు కళ్లు. ఒకే కాడి కింద రెండు ఎడ్లు.
ఒకే రథం మీద ఇద్దరు.
"పాపం, గ్రీకులు దీన్ని నిలుపుకోలేకపోయారు,"
ఒతీలియా గారు నిట్టూర్చారు,
"అరకొరగా వాడి వాడి చివరికి మానేశారు."
నాకు నవ్వొచ్చింది.
మా స్లోవీన్ భాషలో అది ఇంకా బతికే ఉంది,
రొట్టెల కొట్టు దగ్గర, బస్సులో, పోట్లాటల్లో.
మిద్వా, మేమిద్దరం.
మూడో మనిషి వచ్చి కూర్చుంటే చాలు
క్రియలన్నీ తోకలు మార్చుకుంటాయి.

ఆ రాత్రి ఆట ఎక్కాక
తెర ఎప్పట్లాగే అడిగింది: ఒకరా, ఇద్దరా?
ఇన్నేళ్లూ ఒకటి నొక్కిన వేలు
రెండు మీదికి పోయింది.
నా వంతులో గుంటలో పడ్డాను.
తర్వాత రెండో ఆటగాడు.
ఆకుపచ్చ బొమ్మ నిలబడింది,
రెప్ప వేయడం ఒక్కటే తెలిసినట్టు.
తొందరపెట్టే గడియారం లేని ఆట అది,
ఎంతసేపైనా ఆగుతుంది.

స్రెచ్కోకి ఫోన్ చేశాను.
త్సెల్యేలో బాయిలర్లు అమ్ముతాడు,
మోకాలి నొప్పి, మూడు అప్పులు.
"నీకింకా ఆ పిచ్చి వదల్లేదా?"
వదల్లేదన్నాను.
కాసేపాగి,
"మూడో గదిలో నిచ్చెన దగ్గర ఎడమకి దూకకు" అన్నాడు.
ఎవరింట్లోనో నీళ్లు వేడెక్కడం లేదట, పెట్టేశాడు.
ఆ వాక్యంలో ద్వివచనం లేదు.
వెతికాను.

వాడి వంతు నేనే ఆడాను.
మూడో గదిలో ఎడమకే దూకాను, కావాలని.
వాడు చెప్పినట్టే అయింది.

ప్లగ్గు పీకితే రెండు స్కోర్లూ సున్నా,
ఈ యంత్రం ఏదీ గుర్తుపెట్టుకోదు.
క్యాసెట్ వెనక్కి చుట్టి పెట్టెలో పెట్టాను.
రేపు మంగళవారం కాదు,
అయినా పైకి వెళ్లాలి.
ఒతీలియా గారి కింది పన్ను ఒకటి వదులై
థీటా దగ్గర ఈల వేస్తోంది.